ఓడల జెండాల తోరణం కిట్ కొనేవారికి హెచ్చరిక

పిల్లలతో ఓడల సంకేత జెండాల తోరణం చేయించడానికంటూ ఈమధ్య అందరూ కొంటున్న ఆ నీలం పెట్టె కిట్‌ను దయచేసి కొనకండి. నిన్న సాయంత్రం జరిగినదానికి నా కోపం ఇంకా చల్లారలేదు.

'వెల్‌కమ్' అనే ఇంగ్లిషు మాటను, ఒక్కో అక్షరానికి ఒక్కో సంకేత జెండా చొప్పున, ఏడు జెండాలతో కూర్చి గుమ్మానికి కట్టాలని పిల్లలిద్దరూ ముచ్చటపడ్డారు. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు, ఈ ఐదు రంగులుంటే 26 అక్షరాల జెండాలూ తయారవుతాయి. కిట్‌లో మాత్రం పసుపు కాగితమే లేదు, దాని బదులు ముదురు నారింజ పెట్టారు. మూల నుంచి మూలకు ఎరుపు, పసుపుగా విడిపోవలసిన 'ఓ' జెండా, గదికి అవతలి నుంచి చూస్తే మొత్తం ఎర్రగానే కనిపించింది. దూరం నుంచి పోల్చుకోవడానికే కదా ఆ రంగులను ఎంచుకున్నది!

అంతవరకూ సర్దుకున్నాను. మా అబ్బాయి 'డబ్ల్యూ' కోసం నీలం మీద తెలుపు, తెలుపు మీద ఎరుపు చతురస్రాలను అంచులు సమానంగా కొలిచి అంటించాడు. మా అమ్మాయి 'ఎం' జెండాను కిట్‌తో వచ్చిన చార్టులో ఉన్నట్టే, తెల్ల కాగితం మీద ఎర్రని ఇంటూ గుర్తుగా అతికించి, జిగురు ఆరేదాకా అరచేతితో అదిమి పట్టుకుంది. తీరా అబ్బాయి లైబ్రరీ పుస్తకం తెచ్చి చూస్తే, 'ఎం' అంటే నీలం మీద తెల్లని ఇంటూ గుర్తు. మా అమ్మాయి చేసింది 'వి' జెండా. ఓడ మీద అదొక్కటే ఎగిరితే "నాకు సహాయం కావాలి" అని అర్థం. "నేను తప్పు చేశానా అమ్మా?" అని అది అడిగినప్పుడు నా దగ్గర మాట లేదు.

అమ్మినవారికి ఫోన్ చేసి, చార్టు తప్పని, సరైన చార్టూ పసుపు కాగితాలూ పంపమని మర్యాదగానే అడిగాను. "పిల్లల ఆటకేగా, ఎవరు చూస్తారండీ? మీరేమైనా ఓడ నడుపుతున్నారా?" అని నవ్వి, తెరిచిన కిట్‌ను వెనక్కి తీసుకోబోమని చెప్పి ఫోన్ పెట్టేశారు. స్పీకర్‌లో ఆ నవ్వును పిల్లలిద్దరూ విన్నారు. డబ్బు పోయినందుకు కాదు, వాళ్ల మధ్యాహ్నమంతటి శ్రమను అంత తేలిగ్గా తీసిపారేసినందుకే నాకు ఇంత బాధ. కత్తెర చేతికిచ్చే ముందు చార్టును పుస్తకంతో ఒకసారి సరిచూడకపోవడం మాత్రం నా తప్పే, అది ఒప్పుకుంటున్నాను.

ఇప్పటికే కొన్నవారు 'ఎం', 'వి' జెండాలను పోల్చి చూడండి. 'ఎ', 'బి' జెండాల చివర చేపతోకలా చీలిక ఉందో లేదో కూడా గమనించండి, మిగతా అక్షరాలకు అది ఉండదు. నిజానికి ఐదు రంగుల కాగితాలు, జిగురు, ఒక దారం ఉంటే కిట్ అవసరమే లేదు. ఈరోజు నీలం కాగితం తెచ్చి మా అమ్మాయి చేతనే 'ఎం' మళ్లీ చేయిస్తున్నాను.