ట్విలైట్ స్ట్రగుల్: శత్రువు ముక్క మన చేతిలో

చరిత్ర మీద అల్లిన బోర్డు ఆటల్లో నేను ఏళ్ల తరబడి విడవకుండా ఆడుతున్నది ట్విలైట్ స్ట్రగుల్. 1945 నుంచి 1989 దాకా సాగిన ప్రచ్ఛన్న యుద్ధమే దీని కథ. ఇద్దరే ఆడాలి. ఒకరు అమెరికా, మరొకరు సోవియట్ యూనియన్. ఆనంద గుప్తా, జేసన్ మాథ్యూస్ రూపొందించగా జీఎంటీ గేమ్స్ 2005లో విడుదల చేసింది. నా దగ్గరున్నది 2009లో గట్టి అట్ట బోర్డుతో వచ్చిన డీలక్స్ కూర్పు. బోర్డు ఆటల వెబ్‌సైట్ బోర్డ్‌గేమ్‌గీక్ ర్యాంకుల్లో ఇది ఒకప్పుడు దాదాపు ఐదేళ్లు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పేరు విని కొన్నవాళ్లలో చాలామంది రెండు ఆటలతో అటకెక్కించడం చూశాను. అది ఆట లోపం కాదు. దీని రుచి నాలుగైదు ఆటల తర్వాత గానీ తెలియదు.

వార్‌గేమ్ అనగానే షడ్భుజాల గళ్లు, వాటి మీద బారులు తీరిన దళాలు గుర్తుకొస్తాయి. ఇక్కడ సైన్యాలే లేవు. ప్రపంచ పటం మీద ఒక్కో దేశంలో ఎవరి పలుకుబడి ఎంతో చెప్పే బిళ్లలు, రెండు పాచికలు, 110 ముక్కలు (కార్డులు), అంతే. ప్రతి ముక్కకూ రెండు ఉపయోగాలు. దాని మీద రాసిన చారిత్రక ఘటనను జరిపించుకోవచ్చు, లేదా దాని అంకెను బట్టి బిళ్లలు పెట్టడానికో, ఏదైనా దేశంలో కుట్ర నడపడానికో వాడుకోవచ్చు. అయితే ఒక నియమం ఉంది. మీరు అంకె కోసం వాడిన ముక్క మీద అవతలివారి ఘటన ఉంటే, అదీ జరిగి తీరుతుంది. అంటే ఫిడెల్ కాస్ట్రో ముక్కను అమెరికా ఆటగాడు ఆడాల్సి వస్తే క్యూబాను సోవియట్‌కు తన చేతులతోనే అప్పగించాలి. రమ్మీలో పనికిరాని ముక్కను పారేసి ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ ఆ వీలు దాదాపు లేదు. టర్ను అంటే ముక్కలు పంచుకుని ఆడే ఒక దఫా. మొదటి మూడు టర్నుల్లో చేతికి ఎనిమిది ముక్కలు వస్తే ఏడు ఆడేయాలి, ఒక్కటే దాచుకోగలం. టర్నుకొకటి, దాని ఘటన జరగకుండా, బోర్డు మీది అంతరిక్ష పోటీ పట్టీకి పంపి వదిలించుకోవచ్చు. కానీ అందుకూ ముక్క విలువ కనీసం రెండు ఉండాలి.

ఈ షరతే కడుపులో భయం పుట్టిస్తుంది. అణుయుద్ధానికి ఎంత దగ్గరలో ఉన్నామో చూపే డెఫ్‌కాన్ పట్టీ ఐదు దగ్గర మొదలవుతుంది. పటం మీద కీలకమని గుర్తు పెట్టిన దేశంలో కుట్ర జరిగిన ప్రతిసారీ ఒక మెట్టు దిగుతుంది. ఒకటికి చేరితే ప్రపంచం ముగిసినట్టే, అప్పుడు ఎవరి వంతు నడుస్తుంటే వాళ్లే ఓడిపోతారు. ఇప్పుడు అమెరికాకు ఒక ఎత్తు వేసే వీలిచ్చే ‘సీఐఏ క్రియేటెడ్’ అనే ముక్కను తీసుకోండి. దాని విలువ ఒకటే, అంతరిక్షానికీ పనికిరాదు. డెఫ్‌కాన్ రెండులో ఉండగా, క్యూబాలోనో అంగోలాలోనో సోవియట్ బిళ్లలు ఉండగా, సోవియట్ ఆటగాడు ఆ ముక్కను వేయాల్సి వచ్చిందనుకోండి. అమెరికా అక్కడ కుట్ర చేస్తుంది, డెఫ్‌కాన్ ఒకటికి పడిపోతుంది. వంతు సోవియట్‌ది కనుక ఓటమి కూడా అతనిదే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు టర్ను మొదట్లోనే చేతిలోని ప్రమాదకరమైన ముక్కలను విడిగా పెట్టుకుంటారు. దేన్ని ముందు వదిలించుకోవాలి, దేన్ని దాచాలి అని లెక్క వేసుకున్నాకే పటం వైపు చూస్తారు. గెలుపోటములు సగం అక్కడే తేలిపోతాయి.

ఆట మొదటి ఎత్తుకే ఎంత బరువుందో ఇరాన్ చూపిస్తుంది. సోవియట్ తొలి వంతులోనే ఇరాన్‌లో కుట్ర చేయడం బాగా అలవాటైన ఎత్తు. పటం మీద ప్రతి దేశానికీ స్థిరత్వం అనే ఒక అంకె ఉంటుంది, ఇరాన్‌ది రెండు. పాచిక అంకెకు ముక్క విలువ కలిపి, స్థిరత్వానికి రెట్టింపు తీసేయాలి. నాలుగు విలువ గల ముక్క వాడితే పాచిక మీద ఎంత పడితే అంతే ఫలితం. అక్కడ అమెరికాకున్నది ఒకే ఒక్క బిళ్ల. రెండు పడినా అది పోయి సోవియట్ బిళ్ల కూర్చుంటుంది. దాంతో అమెరికాకు పాకిస్తాన్ మీదుగా భారత్‌కు వచ్చే దగ్గరి దారి మూసుకుపోతుంది. ఇక మలేషియా, థాయిలాండ్, లావోస్, బర్మాల గుండా చుట్టూ తిరిగి రావాల్సిందే. 1953లో ఇరాన్ ప్రభుత్వాన్ని నిజంగా కూలదోయించింది అమెరికా, బ్రిటన్. ఇక్కడ మాత్రం ముందుగా అక్కడ చేయి పెట్టేది సోవియట్.

ఇక నన్ను చాలాకాలంగా కలవరపెట్టే విషయం. ఈ పటంలో భారత్ మూడు స్థిరత్వం ఉన్న ఒక కీలక దేశం, అంతకుమించి ఏమీ కాదు. ‘ఇండో-పాకిస్తానీ వార్’ ముక్క ఎవరి చేతికైనా రావచ్చు. రెండు దేశాల్లో ఒకదాన్ని ఎంచుకుని పాచిక వేస్తారు, నెగ్గితే రెండు పాయింట్లు. విశాఖ బీచిలో నిలబెట్టిన సోవియట్ తయారీ జలాంతర్గామి కురుసురను చూస్తూ పెరిగినవాడికి 1971 ఒక పాచిక ఆట అంటే మనసు ఒప్పుకోదు. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయ పథకం కింద గోధుమలు తెచ్చుకున్నాం, సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారాలు కట్టుకున్నాం. ఎవరి గూటికీ చేరకుండా ఇద్దరితోనూ పని జరుపుకున్న ఆ నేర్పుకు ఈ ఆటలో చోటు లేదు. ఇద్దరి బిళ్లలూ భారత్‌లో పక్కపక్కనే ఉండి, ఎవరికీ పట్టు చిక్కని స్థితి ఒకటి వస్తుంది. అలీన విధానానికి ఈ ఆట చేరగలిగిన దగ్గరితనం అదొక్కటే. రూపకర్తలు ఈ విషయాన్ని దాచలేదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు నమ్మకాలను, తప్పని తేలినవాటితో సహా, నిజమన్నట్టే తీసుకుని ఆట కట్టామని నియమాల పుస్తకంలోనే చెప్పుకున్నారు. వాషింగ్టన్, మాస్కోల కళ్లకు ప్రపంచం ఎలా కనిపించిందో చూపించడమే వాళ్ల ఉద్దేశం. అది నెరవేరింది. మా అమ్మాయితో ఆడినప్పుడు మాత్రం, అదే కాలాన్ని ఢిల్లీ నుంచి చూస్తే ఎలా ఉండేదో ఆటయ్యాక తప్పకుండా మాట్లాడుకుంటాం.

వస్తువుగా చూస్తే బోర్డు ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. ముక్కల అంచులు మాత్రం తెల్లబడ్డాయి. వాటిని అదే పనిగా కలుపుతాం కనుక కొన్న రోజే ప్లాస్టిక్ తొడుగులు వేయడం మంచిది. బిళ్లలు చిన్నవి, ఫ్యాన్ గాలికి కదలవు గానీ చొక్కా చేయి తగిలితే యూరప్ మొత్తం చెదిరిపోతుంది. ఒక ఆటకు మూడు గంటలు పడుతుంది, కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ. చివరిదైన పదో టర్ను దాకా చేరని ఆటలూ ఎన్నో. ఇరవై పాయింట్ల ఆధిక్యం వస్తే అక్కడే ఆపేస్తారు. ఒక ప్రాంతంలో పాయింట్లు లెక్కగట్టించే స్కోరింగ్ ముక్కను టర్ను చివరిదాకా చేతిలోనే ఉంచుకున్నా ఓటమే.

పాచికలు మరీ అన్యాయం చేస్తాయని కొందరి ఫిర్యాదు. ఒక్క కుట్ర వరకు చూస్తే నిజమే. కానీ ఆట పొడవునా పాచికలు చాలాసార్లు పడతాయి, చేతిలోని ముక్కలను చక్కగా నడిపినవాళ్లే ఎక్కువగా గెలుస్తారు. నా దృష్టిలో అసలు ఇబ్బంది వేరే. ముక్కలు కంఠతా వచ్చినవాడికీ కొత్తవాడికీ మధ్య పోటీయే ఉండదు. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు డెఫ్‌కాన్‌ను దించే ముక్కల పేర్లు ఒక కాగితం మీద రాసి వాళ్ల పక్కన పెడతాను. తోడు దొరకనివాళ్లకు 2016లో వచ్చిన కంప్యూటర్ రూపం ఉంది. నియమాలు వంటబట్టడానికి అది చాలు, ఎదుటి మనిషి ముఖం చదివే అవకాశం మాత్రం అందులో ఉండదు. ఇద్దరూ సమానంగా ఆడగలిగే స్థాయికి వచ్చాక, మొదట్లో సోవియట్‌కున్న పైచేయిని సరిచేయడానికి అమెరికాకు అదనంగా రెండు బిళ్లలు ఇచ్చి మొదలుపెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి.