అప్‌డేట్లు: వాటంతట అవే రావాలా, అడిగి రావాలా?

ఫోనైనా కంప్యూటరైనా, కంపెనీ ఏ సెట్టింగ్స్‌తో పంపిస్తే చాలామంది దగ్గర అవే ఏళ్ల తరబడి నడుస్తాయి. కాబట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ మొదటి నుంచే ఆన్‌లో ఉండాలా వద్దా అన్నది, దాన్ని ఎక్కడ మార్చుకోవాలో తెలియనివారి సమస్య. తెలిసినవారు ఎలాగూ తమకు నచ్చినట్టు మార్చుకుంటారు.

ఆన్‌లో ఉండాలనడానికి 2017 అనుభవం చాలు. విండోస్‌లోని ఒక లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ మార్చిలో అప్‌డేట్ ఇచ్చింది. ఆ లోపాన్నే పట్టుకుని, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ విరుచుకుపడింది మే 12న. దాదాపు రెండు నెలల గడువు దొరికినా దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఒక లోపాన్ని సరిచేశారంటే అది ఎక్కడుందో లోకానికి చాటినట్టే. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే దాడిచేసేవారికి దారి తెలిసిపోతుంది. అప్పటి నుంచి ఆలస్యం చేసేవారికే ముప్పు ఎక్కువ. అడిగి వేసే పద్ధతిలో ఆలస్యం తప్పదు, ఎందుకంటే పని మధ్యలో అడిగితే ఎవరైనా ‘తర్వాత’ అనే నొక్కుతారు.

అప్‌డేట్లే చేసిన చేటూ తక్కువేమీ కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేయడంతో మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన తప్పుడు ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి, విమానాలు నిలిచిపోయాయి. అయితే మొదటిది కొత్త హంగులు తెచ్చిన పెద్ద అప్‌డేట్. రెండోది విడతలవారీగా కాక ఒకేసారి అందరికీ వెళ్లింది. నేను తప్పుపట్టేది ఈ రెండు అలవాట్లనే. ఇక 2017 జూన్‌లో ఉక్రెయిన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే నాట్‌పెట్యా అనే వైరస్ దూరినప్పుడు, ముందుగా అడిగి ఉన్నా ఒరిగేదేమీ లేదు. నమ్మిన కంపెనీ పంపిందని అందరూ సరే అనేవారు.

అందుకే నా మొగ్గు మూడో దారికి: భద్రతకు సంబంధించినవి అడగకుండానే వేయాలి, రూపురేఖలు మార్చేవి అడిగి వేయాలి. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు చేస్తున్నది దాదాపు ఇదే. భద్రతా సవరణలు వాటంతట అవే వస్తాయి, కొత్త విడుదలకు మారడం మాత్రం వాడేవారి ఇష్టం. చాలా కంపెనీలకు ఇది రుచించదు, పాత వెర్షన్లకూ సవరణలు రాస్తూ కూర్చోవాలి కదా! పైగా కొత్త హంగులను భద్రత పేరుతో అంటగట్టే వీలూ పోతుంది.

సర్వర్లు, ఆసుపత్రి పరికరాల లెక్క వేరు. అక్కడ అప్‌డేట్‌ను ముందు కొన్ని యంత్రాల మీద పరీక్షించి, ఆ తర్వాతే మిగతావాటికి పంపే మనిషి ఉండాలి. ఆ పని చూసే మనిషే లేని చిన్న ఆఫీసు సర్వర్‌కైతే భద్రతా సవరణలను ఆటోమేటిక్‌గా వదిలేయడమే మేలు.