తినని విస్తరాకు మమ్మల్నే ఎత్తమన్నారు: టెక్సాస్ ప్లేనోలో ఓ టాక్స్ ఆఫీసు

ఐదుకి నాలుగు చుక్కలు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తాను.

పోయినేడాది మా పాత టౌన్‌హోమ్ అమ్మేశాం. ఫ్రిస్కోకి మారాక ఆరేళ్లు అద్దెకిచ్చిన ఇల్లు. ఇన్నేళ్లూ మా రిటర్నులు ఫోన్లోనే చేసిపెట్టిన ఆయన (పేరెందుకు లెండి) డిప్రీసియేషన్ (అద్దె ఇంటి తరుగుదల కింద ఏటా వచ్చే తగ్గింపు) ఒక్క ఏడాదీ వెయ్యలేదు. “మీకే మంచిదండీ, అమ్మేటప్పుడు రీకాప్చర్ ఉండదు” అన్నాడు, అంటే ఆ తగ్గింపు మీద పన్ను తిరిగి కట్టక్కర్లేదని. నమ్మాం.

ఈ ఆఫీసు దోసెల హోటలు పైన రెండు గదులు. మెట్లెక్కేసరికే పోపు ఘాటు ముక్కుకెక్కుతుంది. మేడంగారిది గుంటూరు వైపు యాస. అద్దె లెక్కలు చూపే షెడ్యూల్ ‘ఇ’లో, డిప్రీసియేషన్ రాయాల్సిన 18వ లైను మీద పెన్ను ఆనించి, “ఇది ఖాళీగా ఉందేంటమ్మా?” అన్నారు. నా గుండె అక్కడే జారింది.

ఒక పాత కవరు వెనక లెక్కేసి చూపించారు. కొన్నది 3,30,000 డాలర్లకి. స్థలం విలువ 55,000 పక్కన పెడితే కట్టడం 2,75,000. దాన్ని 27.5 ఏళ్లకి పంచితే ఏడాదికి 10,000, ఆరేళ్లకి సుమారు 60,000. ఆ తరుగుదల మేం రాసుకున్నా, రాసుకోకపోయినా, రాసుకునే హక్కుంది కాబట్టి రాసుకున్నట్టే లెక్కట. లాభంలో ఆ మేరకు 25 శాతం దాకా పన్ను (అదే రీకాప్చర్), అంటే 15,000 వరకూ. తినని విస్తరాకు ఎత్తమన్నట్టు లేదూ!

మా ఆయన ఉడుక్కుని, “రీకాప్చరేంటండీ, యుద్ధమా?” అన్నారు. ఆవిడ నవ్వి, “యుద్ధంలోనూ ఇదే మాటండీ” అని ఓ ఓడ కథ ఎత్తుకున్నారు. 1799లో కలకత్తాలో సరుకెత్తుకుని హాంబర్గ్ బయల్దేరిన అమీలియాని ఫ్రెంచివాళ్లు పట్టేశారు. వాళ్ల దగ్గర్నుంచి అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ దాన్ని మళ్లీ పట్టుకుంది. మరి ఓడ ఎవరిది? 1801లో సుప్రీంకోర్టులో జడ్జి మార్షల్ తేల్చిందేంటంటే, ఓడా సరుకూ సొంతదారులవే. విడిపించినందుకు ఖర్చులు పోను ఆరో వంతు ఇచ్చి తీసుకెళ్లాలి. టాక్సులో ఆ సొంతదారు ప్రభుత్వమే అన్నారావిడ. ఏటా వదిలేసిన పన్నుని ఇల్లు అమ్మిన రోజున వెనక్కి తీసుకుంటుంది. “నేవీవాళ్లే నయం, ఆరో వంతుతో పోనిచ్చారు. ఇక్కడ నాలుగో వంతు” అని మా ఆయన గొణుగుడు.

అసలు మెచ్చుకోవాల్సింది ఆ తర్వాతి పని. పాత రిటర్నులు సవరిద్దామంటే మామూలుగా మూడేళ్లకి మించి వెనక్కి వెళ్లి రిఫండ్ అడగలేం. ఆవిడ 3115 ఫారం (లెక్క కట్టే పద్ధతి మార్చుకోవడానికి పెట్టేది) వేసి, ఆరేళ్లుగా పోగొట్టుకున్న 60,000నీ అమ్మిన ఏడాదిలోనే ఒక్కసారిగా తగ్గింపు చూపించారు. మాది 24 శాతం శ్లాబు. అటు కట్టింది దాదాపుగా ఇటు కలిసొచ్చింది.

ఇక కోసిన చుక్క. ఆ ఫారానికి విడిగా ఫీజుంటుందని బిల్లు చేతికొచ్చేదాకా చెప్పలేదు. ఏప్రిల్లో ఫోనెత్తేవాళ్లే లేరు. చివరికి రిటర్ను గడువు పెంచమని ఎక్స్‌టెన్షన్ మేమే పెట్టుకున్నాం.

వెళ్లేవాళ్లు ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాగితాలూ, స్థలం విలువ విడిగా చూపించే కౌంటీ కాగితమూ పట్టుకెళ్లండి. శనివారం మాత్రం వద్దు. కింద హోటలు జనంతో పార్కింగ్ దొరకదు.