ఫ్లోరెన్స్: ఏది ముందు చూడాలి, ఎక్కడ దిగాలి

హైదరాబాద్ నుంచి బయల్దేరే యూరప్ ప్యాకేజీల్లో ఫ్లోరెన్స్‌కు దక్కేది సాధారణంగా ఒక పూట. రోమ్‌కీ వెనిస్‌కీ మధ్య బస్సు ఆగుతుంది. కేథడ్రల్ ముందు ఒక ఫొటో, వీధిలో నిలబెట్టిన డేవిడ్ నకలు ముందు ఇంకో ఫొటో, మళ్లీ బస్సు. సొంతంగా ప్లాన్ చేసుకునేవాళ్లలోనూ చాలామంది ఉఫీజీకి, అకాడమియాకి టికెట్లు కొని అక్కడితో ఊరు అయిపోయిందనుకుంటారు. అవి గొప్ప మ్యూజియంలే, సందేహం లేదు. అయితే పదిహేనో శతాబ్దంలో ఈ ఊళ్లో పాత రోమన్, గ్రీకు విద్య ఎలా మళ్లీ తలెత్తిందో తెలియాలంటే జనం పల్చగా ఉండే నాలుగైదు చోట్లు ముందు చూడాలి, ఆ పెద్ద రెండూ చివర్లో. ఆ వరసలో చూస్తే ఉఫీజీలో చిత్రకారుడు బొటిచెల్లి బొమ్మ ముందు నిలబడ్డప్పుడు దాని వెనక ఎంత పని జరిగిందో తెలుస్తుంది. దీనికి మూడు నిండు రోజులు కావాలి.

వారంలో ఏ రోజు అన్నది ముందే చూసుకోవాలి. ఉఫీజీ, అకాడమియాలకు సోమవారం సెలవు. బార్జెల్లో, బ్రాంకాచ్చి చాపెల్ సాధారణంగా మంగళవారం మూసేస్తారు. మెదిచి ప్యాలెస్‌కు బుధవారం సెలవు. లారెంజియన్ లైబ్రరీ వారాంతాల్లో తెరవరు, మిగతా రోజుల్లో కూడా పొద్దుటి పూటే. శని, ఆది, సోమ అని మూడు రోజులు పెట్టుకున్నవాళ్లకు అందుకే సగం చోట్ల తాళాలు కనబడతాయి. మంగళవారం సాయంత్రం ఊళ్లో దిగి బుధ, గురు, శుక్రవారాలు తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి. వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు అధికారిక సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

మొదటి పొద్దున బార్జెల్లో. ఒకప్పుడు ఇది జైలు, ఇప్పుడు శిల్పాల మ్యూజియం. పై అంతస్తులోని డొనాటెల్లో హాల్లో పక్కపక్కనే రెండు కంచు పలకలు ఉంటాయి. కేథడ్రల్ ఎదుట ఉన్న బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే కట్టడం) తలుపుల పని ఎవరికివ్వాలో తేల్చడానికి 1401లో పెట్టిన పోటీకి శిల్పులు గిబెర్తి ఒకటి, బ్రూనెల్లెస్కి ఒకటి చేశారు. రెండింటి కథా ఒకటే: అబ్రహాం కొడుకును బలివ్వబోవడం. బ్రూనెల్లెస్కి ముక్కలు విడివిడిగా పోతపోసి పలకకు బిగించాడు. గిబెర్తి దాదాపు మొత్తం ఒకే పోతలో తీశాడు. దానివల్ల అతని పలక సుమారు 7 కిలోలు తేలిక, అంటే ఖరీదైన కంచు అంత ఆదా. పని గిబెర్తికి దక్కింది. రెండు పలకల్లోనూ పాత రోమ్ తొంగిచూస్తుంది: బ్రూనెల్లెస్కి పలకలో ఒక మూల కాలి ముల్లు తీసుకుంటున్నట్టు వంగిన సేవకుడు ఒక ప్రాచీన శిల్పానికి అనుకరణ, గిబెర్తి మలిచిన కుర్రవాడి దేహం ప్రాచీన శిల్పాల పోలికే. అదే హాల్లో డొనాటెల్లో కంచు డేవిడ్ ఉంది. ప్రాచీన కాలం తర్వాత విడిగా నిలబెట్టిన మొదటి నగ్న కంచు విగ్రహంగా దాన్ని లెక్కిస్తారు. క్యూ పెద్దగా ఉండదు, గంటన్నర చాలు.

గిబెర్తి ఆ తలుపులు ముగించేసరికి 1424 వచ్చింది. తర్వాతి జత 1425 నుంచి 1452 దాకా సాగింది. బాప్టిస్టరీకి తూర్పున జనం గుమిగూడి ఫొటోలు తీసుకునే బంగారు తలుపులు నకళ్లు. అసలువి కేథడ్రల్ వెనక ఉన్న ఓపెరా దెల్ డ్యుయోమో మ్యూజియంలో, అద్దాల వెనక, మంచి వెలుతురులో ఉన్నాయి. మా లెక్కలో ఈ ఊళ్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ విలువిచ్చే మ్యూజియం ఇదే. డొనాటెల్లో చెక్కతో చెక్కిన ఎండిపోయిన మగ్దలీన్, మికెలాంజెలో ముసలితనంలో చెక్కుతూ తనే పగలగొట్టిన పియెతా (చనిపోయిన క్రీస్తును ఒడిలోకి తీసుకున్న శిల్పం) ఇక్కడే ఉన్నాయి. గోపురం కట్టడానికి వాడిన పనిముట్లు, చెక్క నమూనాలు కూడా. గోపురం ఎక్కే ముందు వీటిని చూడాలి. నెలలో మొదటి మంగళవారం ఈ మ్యూజియం ఉండదు.

గోపురం సంగతి. కేథడ్రల్ గోడలు లేచాయి గానీ సుమారు 45 మీటర్ల వెడల్పు ఎనిమిది పలకల ఖాళీని ఎలా మూయాలో ఎవరికీ తెలియలేదు. కింద నుంచి చెక్క దూలాల ఆధారం కట్టాలంటే అంత కలప దొరకడమే కష్టం. 1420లో మొదలుపెట్టి 1436 నాటికి బ్రూనెల్లెస్కి ఆధారం లేకుండానే మూసేశాడు. ఒకదానిలో ఒకటిగా రెండు పెంకులు కట్టాడు. పైకి పోయేకొద్దీ గోడ లోపలికి వాలుతుంది. సున్నం గట్టిపడేలోగా ఇటుకలు జారిపోకుండా వరసకు కొంత దూరంలో ఒక్కో ఇటుకను నిలువుగా దించి చేపముల్లు ఆకారంలో అల్లాడు. నిలువు ఇటుకలు అడ్డు వరసలను పట్టి ఉంచుతాయి. మెట్ల దారి రెండు పెంకుల మధ్యనుంచే పోతుంది కాబట్టి పై భాగంలో ఈ అల్లిక చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. ఎక్కడం ప్రధానంగా దీనికోసం, పైనుంచి కనిపించే ఊరు తర్వాతి మాట.

మెట్లు 463, లిఫ్ట్ లేదు. కొన్నిచోట్ల ఒక మనిషి పట్టేంత ఇరుకు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒరుసుకునే మలుపులు కూడా ఉన్నాయి. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు, ఇరుకు చోట్ల భయం ఉన్నవాళ్లకు వద్దు. మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. బ్రూనెల్లెస్కి పాస్ పేరుతో అమ్మే టికెట్‌లో గోపురం, గంట గోపురం, బాప్టిస్టరీ, మ్యూజియం, కేథడ్రల్ కింద బయటపడ్డ పాత చర్చి సాంతా రెపరాతా తవ్వకాలు కలిసి ఉంటాయి. మూడు రోజులు చెల్లుతుంది. గోపురానికి మాత్రం తేదీ, సమయం కొనేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మార్చరు. సీజన్‌లో స్లాట్లు వారాల ముందే అయిపోతాయి. వీసా రాకముందే కొనడం భయమనిపిస్తే గోపురం లేని జొత్తో పాస్ తీసుకోవచ్చు. గంట గోపురం 414 మెట్లు, కానీ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి అంతస్తులున్నాయి. పైగా అక్కడినుంచి తీసిన ఫొటోలో గోపురం కూడా పడుతుంది. కేథడ్రల్ లోపలికి ఉచితమే. దాని కోసం బయట కనబడే పొడుగు క్యూలో ఎండలో నిలబడ్డం అవసరమా అంటే, సమయం తక్కువైతే వదిలేయండి. లోపల విశాలమే తప్ప మంచి పనుల్లో చాలావరకు మ్యూజియంకి తరలిపోయాయి.

రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న సాంతా మరియా నొవెల్లా చర్చిని చాలామంది సామాను లాక్కుంటూ దాటిపోతారు. లోపల ఎడమ గోడమీద చిత్రకారుడు మసాచ్చో 1427 ప్రాంతంలో వేసిన త్రిత్వం ఫ్రెస్కో (తడి గచ్చు మీద వేసే గోడబొమ్మ) ఉంది. గోడ బల్లపరుపుగానే ఉంది, బొమ్మలో మాత్రం వెనక్కి పోయే ఒక రోమన్ తరహా కమాను గది కనిపిస్తుంది. గీతలన్నీ కలిసే బిందువు సిలువ మొదట్లో, నిలబడిన మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా ఉంది. కాబట్టి గోడ దగ్గరికి వెళ్లకండి. హాలు మధ్యకి వచ్చి బొమ్మకు సూటిగా నిలబడితే గది తెరుచుకుంటుంది, పక్కకు జరిగితే మూసుకుపోతుంది. దగ్గరికి వెళ్లాల్సింది రెండోసారి, తడి గచ్చులో కొలతల కోసం గీసిన గాట్లు చూడటానికి.

మసాచ్చో మిగతా పని నది అవతల బ్రాంకాచ్చి చాపెల్‌లో. కొద్దిమందినే, సమయం ప్రకారం పంపుతారు, బుకింగ్ కావాలి. ఊళ్లో డబ్బులేమీ పెట్టకుండా చూడదగ్గవీ ఉన్నాయి: సాంత్'అపొల్లోనియాలో కస్తాన్యో వేసిన కడరా విందు, సాంతా త్రినితాలో గిర్లాందాయో వేసిన సస్సెత్తి చాపెల్, బొటిచెల్లి సమాధి ఉన్న ఒన్యిస్సాంతి చర్చి. కొన్ని చర్చిల్లో నాణెం వేస్తే ఫ్రెస్కో మీద లైటు కాసేపు వెలుగుతుంది. చిల్లర దగ్గరుంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చుడీదార్, చీర అయితే ఏ ఇబ్బందీ లేదు.

ఇక విద్య సంగతి. యాత్రా ప్రణాళికల్లో పూర్తిగా ఎగిరిపోయే భాగం ఇదే. గ్రీకు చదవగలిగినవాళ్లు పశ్చిమాన దాదాపు లేని రోజుల్లో, ఫ్లోరెన్స్ ఛాన్సలర్ (ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి) సలుతాతి చొరవతో 1397లో కాన్‌స్టాంటినోపుల్ పండితుడు క్రిసొలొరాస్ ఇక్కడికి వచ్చి గ్రీకు నేర్పాడు. ఆయన దగ్గర చదువుకున్న లియొనార్దో బ్రూని సమాధి సాంతా క్రోచే చర్చిలో ఉంది, ఛాతీమీద పుస్తకంతో. పర్యాటకులు అక్కడికి వచ్చేది మికెలాంజెలో, గెలీలియో సమాధుల కోసం. ఆ రెండూ చూశాక బ్రూని దగ్గర ఓ ఐదు నిమిషాలు ఆగండి. పక్క ప్రాంగణంలోని పాజ్జి చాపెల్ కూడా అదే టికెట్‌లో వస్తుంది.

సాన్ మార్కో మఠం పై అంతస్తులో ఫ్రా ఆంజెలికో సన్యాసుల గదుల్లో వేసిన ఫ్రెస్కోలు ప్రసిద్ధం. వాటితో పాటు అదే అంతస్తులో మికెలొజ్జో కట్టిన లైబ్రరీ హాలు ఉంది. రెండు వరసల స్తంభాల మధ్య ఇప్పుడు దాదాపు ఖాళీగా ఉంటుంది. నికొలో నికొలి అనే గ్రంథప్రియుడు 1437లో అప్పులతో చనిపోతే, ఊరిని నడిపించిన బ్యాంకరు కోసిమో మెదిచి ఆ అప్పులు తీర్చి సుమారు 400 రాతప్రతులు ఇక్కడికి చేర్పించాడు. చదువుకునేవాళ్లకు తెరిచిన తొలి లైబ్రరీల్లో ఇదొకటి. ఇటాలిక్ ముద్రాక్షరాలకు పూర్వీకుల్లో నికొలి వాలు చేతిరాత ఒకటి. సాన్ మార్కో సాధారణంగా మధ్యాహ్నం రెండు లోపలే మూసేస్తారు. పొద్దున తెరవగానే వెళ్తే ఆ గదుల్లో ఒంటరిగా ఉండొచ్చు.

నికొలి స్నేహితుడు పొజ్జో బ్రాచ్చొలీని 1417లో ప్రాచీన రోమన్ కవి లుక్రేషియస్ కావ్యాన్ని ఒక మఠంలో కనిపెట్టాడు. నికొలి ఎత్తి రాసుకున్న దాని ప్రతి ఇప్పటికీ లారెంజియన్ లైబ్రరీ సొత్తు. ఈ పొజ్జోతో మనకూ ఒక లంకె ఉంది. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికొలో కోంతి ఇటలీ తిరిగొచ్చాక, అతను చెప్పిన ప్రయాణ కథను లాటిన్‌లో రాసిపెట్టింది అప్పట్లో పోప్ కార్యదర్శిగా ఉన్న ఈయనే. హంపి గురించి యూరప్‌కు అందిన తొలి వర్ణనల్లో అదొకటి.

లారెంజియన్‌కు సాన్ లొరెంజో చర్చి ప్రాంగణంలోంచి దారి. ముందు గది మికెలాంజెలో ఊహ. మెట్లకు నమూనా ఆయన రోమ్ నుంచి పంపితే అమ్మన్నాతి 1559లో కట్టాడు. చదివే హాల్లో బల్లల పక్కన ఆ బల్లకు చెందిన పుస్తకాల జాబితాలు ఇంకా ఉన్నాయి. రాతప్రతులు మాత్రం లోపల భద్రంగా ఉంటాయి, ప్రదర్శన జరుగుతుంటే తప్ప కనబడవు. అది తెలియక వెళ్లి నిరాశపడేవాళ్లుంటారు.

ఆఖరి రోజు ఉఫీజీ పొద్దున మొదటి స్లాట్‌లో. అధికారిక సైట్‌లో బుకింగ్‌కు టికెట్ మీద 4 యూరోలు అదనం, ఇవ్వడం లాభమే. సెర్చ్‌లో పైన కనబడే మధ్యవర్తి సైట్లు అదే టికెట్‌ను చాలా ఎక్కువకు అమ్ముతాయి. నేరుగా బొటిచెల్లి గదులకు వెళ్లి, గుంపులు రాకముందే చూసి, తర్వాత వెనక్కి రావడం తెలివైన పని. అకాడమియాలో మికెలాంజెలో డేవిడ్ 5.17 మీటర్లు, నిజంగానే చూడదగ్గది. దానికి దారిలోనే రాతిలోంచి సగం బయటపడ్డ బందీల శిల్పాలుంటాయి, వాటిమీద రాతిపని ఎలా సాగుతుందో గాట్లతో సహా కనిపిస్తుంది. అక్కడ పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, దాచేచోటు కూడా లేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం, కానీ క్యూ చూస్తే డబ్బులిచ్చి వేరే రోజు వెళ్లడమే నయమనిపిస్తుంది.

బస విషయానికొస్తే, స్టేషన్ చుట్టుపక్కల సామానుతో దిగేవాళ్లకు సుఖం, అందం తక్కువ. సాన్ మార్కో వైపు నిశ్శబ్దం, రేట్లు కూడా కాస్త దిగుతాయి. ఈ వరసలో తిరిగేవాళ్లకు అదే సరైన చోటు. నది అవతల సాంతో స్పిరితో బాగుంటుంది, కానీ కూడలి దగ్గర గది తీసుకుంటే రాత్రి గోలకు నిద్రపట్టదు. సాంతా క్రోచే పరిస్థితీ అంతే. పాత భవనాల్లో లిఫ్ట్ లేకపోవడం మామూలు. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందు రాసి అడగండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఏసీ ఉందో లేదో కూడా. గది అద్దె కాక ఊరి పన్ను మనిషికి రాత్రికి మూడున్నర నుంచి ఎనిమిది యూరోల దాకా, హోటల్ స్థాయిని బట్టి విడిగా కట్టించుకుంటారు. బుకింగ్‌లో కనిపించే మొత్తంలో ఇది తరచూ ఉండదు.

కారు అద్దెకు తీసుకుని ఊళ్లోకి వెళ్లొద్దు. పాత ఊరంతా వాహనాల నిషేధ ప్రాంతం. కెమెరాలు నంబరు పట్టుకుంటాయి, జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. రోమ్ నుంచి వేగవంతమైన రైల్లో గంటన్నర, మిలన్ నుంచి రెండు గంటల లోపే. తొందరగా కొంటే టికెట్ చవక, అయితే అతి చవక టికెట్లు మార్చుకోవడానికి వీలుండదు. విమానం దిగిన రోజుకు అలాంటిది కొనకండి. ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించాలి, మరిచిపోతే జరిమానా.

తిండికి శాకాహారులు రిబొల్లితా, పాప్పా అల్ పొమొదోరో అడగవచ్చు. మొదటిది బీన్స్, ఆకుకూర, రొట్టెల పులుసు, రెండోది టమాటా, రొట్టె. రెండింటికీ మాంసం నీళ్లు వాడారేమో ముందే కనుక్కోండి. పర్మెజాన్ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన పదార్థం ఉంటుంది. బండ్ల మీద దొరికే లంప్రెదొత్తో ఆవు పొట్ట భాగం, తెలియక తినేవాళ్లున్నారు. బిల్లులో మనిషికి ఇంత అని కనిపించే కొపెర్తో టిప్ కాదు, కూర్చున్నందుకు రుసుము. ఆవకాయ, కారప్పొడులు తీసుకెళ్లడానికి అడ్డులేదు. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం పెట్టెలో పెట్టకండి, యూరప్‌కు బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, విమానాశ్రయంలో తీసేస్తారు.