సైలెన్సర్ ముట్టుకోకుండా విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బండి కొన్నవాళ్లలో చాలామంది షోరూమ్ నుంచి తిన్నగా, చప్పుడు పెరిగేలా సైలెన్సర్ మార్పించడానికి వెళ్తారు. నేను మార్పించలేదు, మార్పించను కూడా. దూరాలు తిరిగే బండికి మొదటి సుఖం చప్పుడు లేకపోవడమేనని నా గట్టి నమ్మకం. పైగా మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద పరిమితి దాటిన బండికి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కార్తీకంలో మా ఆవిడా నేనూ విజయనగరం నుంచి బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం, టెక్కలి మీదుగా ఇచ్ఛాపురం వెళ్లాం. బండికి చేయించినవాటిలో ఏవి అక్కరకొచ్చాయో, ఎక్కడ దిగితే బాగుందో రాస్తున్నాను.

ఈ బండిలో ఇంజన్ అదురుని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది కాబట్టి పాత బుల్లెట్లలా చేతులు తిమ్మిరెక్కవు. ఇబ్బందంతా కూర్చునే తీరులో ఉంది. కాళ్లు ముందుకు చాచి కూర్చోవాలి గనక గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేవడం కుదరదు, దెబ్బ తిన్నగా నడుముకి తగులుతుంది. అందుకే బయల్దేరే ముందు విజయనగరంలో సీటు కుట్టే షాపుకి వెళ్లాను. మెత్తగా ఉంటే సుఖం అనుకుంటాం గానీ మెత్తటి స్పాంజి గంటసేపటికి అణిగిపోయి అడుగున పలక తగలడం మొదలవుతుంది. షాపాయన నన్ను బండి మీద కూర్చోబెట్టి, బరువు ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీసుకుని, ఆ మేర స్పాంజి కోసి గట్టి ఫోమ్ అతికించాడు. కుట్టు తొడ కిందికి రాకుండా పక్కకి జరిపాడు. కుట్ల సందుల్లోంచి వాననీళ్లు దిగకుండా కవరు కింద పాలిథిన్ వేశాడు, అది నేను అడగలేదు కూడా. మొత్తం రెండు వేల లోపే. ఆన్‌లైన్‌లో దొరికే జెల్ ప్యాడ్లూ, గాలి దిండ్లూ వాడి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, సీటు కుట్టించుకోవడానికి అవేవీ సాటిరావు. వెనక ఇద్దరి సామాను ఉంది కాబట్టి టూల్ కిట్‌లోని స్పానర్‌తో వెనక షాక్ అబ్జార్బర్లను గట్టి మెట్టుకి తిప్పుకున్నాను. ఆరు మెట్లుంటాయి, ఆ రెండు నిమిషాల పని చేసేవాళ్లు తక్కువ.

బొబ్బిలి దాకా రోడ్డు బాగుంది. ఊరి పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసేచోట ఆగాం. పనస మానుని తొలిచి, మెట్లని మైనంలో నిలబెట్టి, ఒక్కొక్కటీ మీటి వింటూ సరిచేస్తారు. ఇంజన్ ఆపకుండా దారి అడుగుతుంటే లోపల్నించి ఒక పెద్దాయన తలెత్తి, "బాబూ, బండి ఎనకాతల రేకేదో ఆడతంది, సూసుకో" అన్నాడు. నంబర్ ప్లేటు! ఆ సన్నటి గరగర నాకు అప్పటిదాకా చెవిన పడలేదు. దగ్గర్లో సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి, ఉంగరాల్లా కత్తిరించి, బోల్టుల కింద వేసి బిగించాను. లెగ్‌గార్డుకీ, సామాను స్టాండుకీ కూడా అదే వైద్యం. బండి చప్పుడులో సగం ఇంజన్‌ది కాదు, ఇలా వదులైన రేకులదే.

బొబ్బిలి నుంచి రాజాం మీదుగా చిలకపాలెం వచ్చే రోడ్డే ఈ దారిలో అసలు పరీక్ష. లారీల రాపిడికి గుంతలు పడినచోట రెండో గేరులో పోవాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడల్లా వెనక 'టక్' మంటే అది చెయినో, చక్రం హబ్బులో ఉండే రబ్బర్లో చూసుకోవాలి. ఆ రబ్బర్లు అరిగితే ఎంత మంచి చెయిన్ వేసినా కుదుపు పోదు. నావి బయల్దేరే ముందే మార్పించాను. చెయిన్ పని మాత్రం ఎవరికీ అప్పగించను. రోజు ప్రయాణం ముగిశాక, వేడి తగ్గకముందే సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక 90 గేర్ ఆయిల్ లోపలి వైపు నుంచి చుక్కలుగా వేస్తూ చక్రాన్ని చేత్తో తిప్పుతాను. పెట్రోలూ, ఇనప బ్రష్షూ వాడితే లింకుల మధ్య రబ్బరు రింగులు పాడైపోతాయి. మరీ బిగించినా చెయిన్ మూలుగుతుంది, వదిలేస్తే కొట్టుకుంటుంది. ఎంత వదులుండాలో బండి పుస్తకంలో ఉంటుంది, అది చూసి పెట్టుకోవాలి.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి దగ్గర ముందు దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ బండి రోడ్డు మీదే పెట్టాలన్నారు, రాత్రంతా హారన్లు. తెల్లారి గది మార్చి అరసవల్లి వైపు చిన్న లాడ్జికి వెళ్లాం. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. కానీ రేకుల షెడ్డులో బండికి చోటుంది, చెయిన్ తుడుచుకుంటానంటే లైటు వేసి, పాత గోనె పరిచి ఇచ్చారు. బండి మీద తిరిగేవాళ్లకి ఏసీ కన్నా ఇదే ముఖ్యం.

అక్కణ్ణించి శ్రీకూర్మం మీదుగా కళింగపట్నం. శ్రీకూర్మంలో గుడికి రెండు ధ్వజస్తంభాలుంటాయి, ఆగి చూడాల్సిన గుడి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోటు, లైట్‌హౌస్, ఖాళీ తీరం, అన్నీ బాగున్నాయి. రాత్రి బసకి మాత్రం శ్రీకాకుళమే నయం. ఇసకలో సైడ్ స్టాండ్ దిగబడిపోతుంది, చిన్న చెక్కపలక వెంట ఉంచుకోండి. వెనక్కి రాగానే ఉప్పుగాలి పట్టిన బండిని మంచినీళ్లతో కడగాలి. అక్కడ వాటర్ సర్వీసు చేసే కుర్రాడికి ముందే చెప్పాను, ప్రెషర్ పైపు చక్రాల బేరింగుల మీదకీ, చెయిన్ మీదకీ పెట్టొద్దని. బుద్ధిగా విన్నాడు. చాలాచోట్ల వినరు, దగ్గరుండి చూసుకోవాలి.

హైవే ఎక్కాక లెక్క మారిపోతుంది. ఎనభై దాటితే ఇంజన్ కన్నా హెల్మెట్ చుట్టూ గాలి చేసే హోరే ఎక్కువ. గాలిని ఆపడానికి హ్యాండిల్ ముందు పెట్టే అద్దం పొట్టిదైతే దాని అంచు దాటిన గాలి సుడి తిరిగి సరిగ్గా గెడ్డం దగ్గర కొడుతుంది. అందుకే పొడుగు అద్దం వేయించి, అంచు ముక్కు ఎత్తుకి వచ్చేలా, అద్దం మీదుగా రోడ్డు కనబడేలా కోణం సరిచేసుకున్నాను. అద్దం అడుగున కొంచెం సందు వదిలితే గాలి అక్కణ్ణించి కూడా వచ్చి తల ఊపడం తగ్గుతుంది. అయినా నూరు కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలుంటేనే చెవికి హద్దు అంటారు. అక్కణ్ణించి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్గులు సన్నగా నలిపి, చెవి పైకి లాగి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. హారన్ వినబడుతుంది, హోరు పోతుంది. సాయంత్రానికి తలనొప్పి లేకపోవడమే వాటి గొప్ప. ఇంత చవకగా ఇంత మేలు చేసే సామాను బండి మీద ఇంకోటి లేదు.

టెక్కలి దాటి తేలినీలాపురం వెళ్లాం. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇళ్ల మధ్య నుంచి మూడో గేరులో మెల్లగా పోయి ఆపితే కొమ్మ మీద ఒక్క పక్షీ లేవలేదు. అరుగు మీది ముసలమ్మ, "ఏటి బాబూ, సప్పుడే నేదు, కరెంటు బండా ఏటి?" అంది. పెట్రోల్ బండే అంటే నమ్మక దగ్గరికొచ్చి ట్యాంకు తట్టి చూసింది. వచ్చే పక్షులని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకునే ఊరది. అక్కడ సైలెన్సర్ కోసిన బండి నడపడానికి మనసెలా ఒప్పుతుంది?

రాత్రికి పలాస–కాశీబుగ్గలో దిగాం. లారీల ఊరు గనక చిన్న మెకానిక్కులు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటారు, క్లచ్ కేబుల్ సరిచేయించుకోవడానికి పది నిమిషాలు పట్టింది. లాడ్జి ఓ మాదిరి, రోడ్డు వైపు గది ఒప్పుకోవద్దు. మర్నాడు మందసలో కోవా కట్టించుకుని ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి చేరేసరికి నత్తగుల్ల కొంగలు చాలామటుకు వెళ్లిపోయాయి. ఆ ఊరికి వానాకాలంలోనే రావాలి. ఇచ్ఛాపురంలో గది చూడకుండా మళ్లీ పలాసకే వచ్చేశాం, జీడిపప్పు కొనడం కూడా కలిసొస్తుందని.

వెనక సీటు సంగతి మా ఆవిడే చెప్పాలి. "కూర్చోడానికి బాగానే ఉందండీ, అరవకుండా మాట్లాడుకున్నాం. ఆ వీపు ఆనించుకునేది మాత్రం రెండంగుళాలు ముందుకి జరిపించండి" అంది. విజయనగరం చేరాక ఆ సీటాయన దగ్గరికే బండి తీసుకెళ్తాను.