హనుమకొండ నుంచి ఖూరీ దాకా: బండి కంటే ముందు తేల్చుకోవాల్సినవి

రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గరి ఖూరీ వైపు ఎడారిలో క్యాంపింగ్ చేసొచ్చామంటే చాలు, మా వీధిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ బండి?" అనే. ఆ ప్రశ్న కోసమే మా ఆయన ఎదురుచూస్తుంటారు కాబట్టి జవాబు అరగంట సాగుతుంది. నన్నడిగితే బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు. రాత్రి ఎక్కడ పడుకుంటాం, ఆ నేల ఎవరిది, ఎవరిని అడగాలి అన్నవి ముందు తేలాలి. థార్ ఎడారి మ్యాపులో ఖాళీగా కనిపిస్తుంది గానీ అక్కడ ఎవరిదీ కాని చోటంటూ లేదు. ఒక పక్క సైన్యం ఫైరింగ్ రేంజులు. ఇంకో పక్క మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న డెజర్ట్ నేషనల్ పార్క్. మిగిలినదాంట్లో ఊళ్ళవాళ్ళ పొలాలు, మేత భూములు, దేవుడి పేరు మీద వదిలేసిన ఓరణ్‌లు. పైగా పశ్చిమాన సరిహద్దు. విదేశాల వీడియోల్లో చూపించినట్టు మనసైన చోట బండి ఆపి టెంట్ వేస్తామంటే ఇక్కడ కుదరదు.

సరే, బండి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఇంట్లో గొడవవుతుంది. మాది ఇసుజు వీ-క్రాస్ పికప్, మన శ్రీసిటీలో తయారయ్యేదే. రెండో బండి కోసం మొదట హైదరాబాద్‌లో ఒక సెల్ఫ్ డ్రైవ్ సంస్థతో మాట్లాడాం. "ఫోర్ బై ఫోరే మేడమ్" అన్నారు. లోపలి ఫొటో పంపించమంటే పంపారు. చూస్తే గేరు పక్కన ఉండాల్సిన, నాలుగు చక్రాలూ లాగేలా మార్చే రెండో లివరే లేదు. 2023 నుంచి మహీంద్రా థార్ జీపులో వెనక చక్రాలు మాత్రమే లాగే రకం కూడా వస్తోంది, బయటి నుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు. అద్దెకు తీసుకునేవాళ్ళు ఆ లివర్ ఫొటో అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఒప్పంద పత్రంలో ఆఫ్‌రోడ్ గురించి ఏం రాశారో కూడా చదవండి. చివరికి మా తమ్ముడు తన స్నేహితుడి థార్ అడిగి తెచ్చాడు. ఎడారి పేరు పెట్టుకున్న బండి కదా అని వాడి ధీమా వాడిది.

ఈ రెండూ మామూలు రోడ్డు మీద వెనక చక్రాలతోనే నడుస్తాయి. ఇసుకలో దిగేటప్పుడు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హై వేసుకోవాలి, మరీ దిగబడితే నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ లో. తారు రోడ్డెక్కగానే తీసేయాలి. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇంతకు మించి బండి జ్ఞానం మొదటి ట్రిప్పుకి అక్కర్లేదు. రెండో బండి మాత్రం ఉండి తీరాలి. ఒక్క బండితో ఇసుకలోకి వెళ్ళడం ఎంత గొప్ప డ్రైవరుకైనా తగదు.

రిహార్సల్ మన దగ్గరే చేసుకోవచ్చు. మొదట లక్నవరం వెళ్ళాం. కాకతీయుల నాటి చెరువు, వేలాడే వంతెన, దీవుల్లో కాటేజీలు. పిల్లలతో ఒక రాత్రి గడపడానికి ఇంతకంటే మంచి చోటు మన వైపు లేదంటాను, శని, ఆదివారాలు తప్పిస్తే. కానీ క్యాంటీన్, కరెంటు, బాత్రూమ్ అన్నీ పక్కనే ఉన్నప్పుడు క్యాంపింగ్‌లో మనం ఏం మర్చిపోతామో తెలియదు. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు సొంతంగా టెంట్ వేద్దామంటే అది అభయారణ్యం. అటవీ శాఖ, టూరిజం వాళ్ళ బసలే దిక్కు. అసలు పాఠం మాకు భూపాలపల్లి దగ్గర మా చిన్నమ్మ వాళ్ళ పొలంలో దొరికింది. 2023 జూలై వరదల్లో మోరంచవాగు పొంగి పక్క పొలాలన్నీ ఇసుక మేటలు వేసింది కదా, వాళ్ళది ఒక మూల ఇంకా అలాగే ఉంది. "మీ సరదా ఏందో గానీ, పోతూపోతూ రెండు ట్రక్కుల ఇసుక ఎత్తుకపోండ్రి బిడ్డా" అన్నాడు బాబాయి.

టైర్లలో గాలి తీయడం నేర్చుకున్నది అక్కడే. రోడ్డు మీద మా టైర్లలో గాలి 33 పీఎస్ఐ ఉంటుంది. దాన్ని 16కి దించితే టైరు అడుగు పొడవుగా సాగి, ఒంటె పాదం పరుచుకున్నట్టు పరుచుకుంటుంది, బండి బరువు ఎక్కువ నేల మీద పడుతుంది. 33 మీద రెండు గజాలు కదలకుండా కూరుకుపోయిన పికప్, 16 మీద అదే ఇసుకలో చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మరీ 15 కంటే దించి గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. దించినంత సులువు కాదు మళ్ళీ ఎక్కించడం. బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ కొనండి, సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్నది పికప్ టైర్లకు చాలదు. మేం పెట్టిన డబ్బులన్నిట్లోకి ఇదీ, ఒక ప్రెషర్ గేజ్, దిగబడ్డ చక్రాల కింద పెట్టే రెండు సాండ్ బోర్డులు, పొడవాటి పార మాత్రమే పూర్తిగా వసూలయ్యాయి. లాగే తాడును బండికున్న టో హుక్కుకే కట్టాలి. ట్రైలర్ తగిలించే బంతికి కడితే అది తెగి తుపాకీ గుండులా వచ్చి తగిలిన సందర్భాలున్నాయి.

ఇక నీళ్ళు. మనిషికి రోజుకు 5 లీటర్లు, తాగడానికీ వంటకూ కలిపి. నలుగురం, అంటే రోజుకు 20 లీటర్లు, మన ఇళ్ళలో స్టాండు మీద బోర్లించే డబ్బా అంత. ఆ డబ్బానే తీసుకెళ్దామని తమ్ముడన్నాడు గానీ దాని మూత కుదుపులకు ఆగదు. మరమూత ఉన్న జెర్రీ క్యాన్లు కొన్నాం. ఆటోనగర్‌లో పికప్ వెనక డాలాలోకి ఒక ఇనుప అర చేయించి, నీళ్ళు, సిలిండర్ లాంటి బరువులన్నీ కింద, క్యాబిన్‌కి ఆనించి కట్టాం. రూఫ్ మీద పరుపులు తప్ప ఏమీ వేయలేదు. బరువు పైకి ఎక్కితే ఇసుక దిబ్బ మీద బండి పక్కకు ఒరగడానికి అదొక్కటే చాలు. తిండికి సర్వపిండి, సకినాలు, వేయించిన రవ్వ, కందిపొడి. సకినాలు పొడి అయిపోయాయి, ఆ పొడి పెరుగన్నంలో బాగుంది.

కార్తీక పౌర్ణమి దాటాక బయల్దేరాం. దీపావళి సెలవులకు జైసల్మేర్ నిండా గుజరాత్ జనం ఉంటారు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రేట్లు ఆకాశంలో ఉంటాయి. నవంబర్ చివర మధ్యలో దొరికే మంచి రోజులు. దారి కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్. పెన్‌గంగ దాటి పాండర్‌కవడా, యవత్మాల్, అమరావతి. ఆపైన ఇండోర్, చిత్తోడ్‌గఢ్, జోధ్‌పూర్. దాదాపు 1800 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి యవత్మాల్ దాకా పత్తి సీజన్, రోడ్డుకు రెండు పక్కలకీ పొంగిన పత్తి లోడ్లు, వెనక లైట్లు లేని ట్రాక్టర్లు. చీకటి పడ్డాక అక్కడ నడపొద్దు. రోజుకు 500 కిలోమీటర్లకు మించి పెట్టుకుంటే సాయంత్రానికి అందరి మొహాలు మాడిపోతాయి. ఇండోర్‌లో ఆగినవాళ్ళు రాత్రి సరాఫా బజారుకు వెళ్ళకుండా పడుకోవద్దు. పగలు బంగారం అమ్మే వీధి, దుకాణాలు మూశాక తిండి వీధి అవుతుంది.

హోటళ్ళ గురించి ఒకే మాట. పికప్ ఐదు మీటర్లు దాటిన బండి. "పార్కింగ్ ఉంది" అంటే సరిపోదు. సెల్లారా, బయటా, ఎత్తెంత అని అడగండి. జోధ్‌పూర్‌లో మేం బుక్ చేసుకున్న చోట సెల్లార్‌లోకి థార్ దూరింది, మాది దూరలేదు. రాత్రంతా సామాను రోడ్డు మీద ఉందన్న టెన్షన్‌తో మా ఆయనకు నిద్ర లేదు. పాత ఊరి నీలం ఇళ్ళ సందుల్లో ఉండాలనిపించినా బండి బయటి రోడ్డు మీదే వదలాలి.

జైసల్మేర్‌లో బస కోట లోపలా బయటా అన్నది అందరికీ వచ్చే సందేహం. 1156లో కట్టడం మొదలైన ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. లోపల వాడిన నీళ్ళు నేలలోకి ఇంకి కోట గోడలకే ముప్పు తెస్తున్నాయని ఏళ్ళుగా చెబుతున్నారు. లోపల తిరిగి చూసి, బయట పడుకోవడమే నాకు న్యాయంగా తోచింది. బయట నుంచి చూస్తేనే కోట కనిపిస్తుంది కూడా.

ఇక ఇసుక దిబ్బలున్న రెండు చోట్లు, సమ్, ఖూరీ. జైసల్మేర్‌కు పశ్చిమాన 40 కిలోమీటర్ల దూరంలో సమ్, నైరుతి దిక్కున దాదాపు అంతే దూరంలో ఖూరీ. సమ్‌లో వరుసగా గుడారాల రిసార్టులు, ఒక్కో గుడారానికీ బాత్రూమ్, సాయంత్రం కాల్బేలియా నృత్యం, ఆ తర్వాత డీజే. పెద్దవాళ్ళతో, చంటిపిల్లలతో వచ్చేవాళ్ళకు అదే సరైనది, వెటకారంగా అనడం లేదు. మేం ఒక రాత్రి అక్కడే ఉన్నాం. వంట బాగుంది, పాట మరీ బాగుంది, డీజే మాత్రం దిబ్బ అవతలి డీజేతో పోటీ పడింది. సమ్‌లో చేయాల్సిన పని ఇంకోటుంది: డబ్బులిచ్చి అక్కడి జీపు డ్రైవర్ పక్కన కూర్చోండి. దిబ్బను ఎప్పుడూ నిటారుగా ఎక్కుతాడు, ఏటవాలుగా ఎక్కడు. అంచు దగ్గర యాక్సిలరేటర్ వదిలేస్తాడు. ఆపాలంటే బ్రేకు తొక్కడు, బండి దానంతట అది ఆగేదాకా ఉంటాడు, ఆగడం కూడా పల్లానికి మొహం పెట్టి. నేను స్టీరింగ్ పట్టేముందు చూసిన ఈ ఇరవై నిమిషాలు బోలెడన్ని వీడియోల పెట్టు.

ఖూరీలో మట్టి గోడల ఇళ్ళు, పూరి కప్పుల హోమ్‌స్టేలు. మేం దిగిన ఇంటి పెద్దాయనను అందరూ కాకాసా అంటారు, మేమూ అదే అన్నాం. టెంట్లు సొంతంగా వేసుకుంటామంటే, ఏ దిబ్బ పార్కు కిందికి వస్తుంది, ఏది తమ ఊరిది అని చేత్తో చూపించి, తన మేనల్లుణ్ణి తోడిచ్చాడు. ఆ పార్కులో బట్టమేకపిట్టలున్నాయి. ఒకప్పుడు మన తెలుగు నేల మీద రోళ్ళపాడులో కనిపించిన పక్షే. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయంటారు. వాటి గూళ్ళు నేల మీదే ఉంటాయి. బండి ట్రాక్ దాటకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

టెంటు మేకులు ఇసుకలో నిలవవు. ఇంటి నుంచి ఖాళీ యూరియా సంచులు తెచ్చాం. వాటిలో సగం ఇసుక నింపి, మూతి కట్టి, తాడు ముడేసి, మోకాలి లోతు గొయ్యిలో అడ్డంగా పాతి, మీద తొక్కాం. రాత్రి గాలి బాగానే లేచింది, టెంట్ కదల్లేదు. మాతో వచ్చిన కాకాసా మేనల్లుడు, ఆ కుర్రవాడు, ఆ సంచులు అడిగి తీసుకున్నాడు. పగలు టీషర్ట్ చాలుతుంది. తెల్లవారుజామున స్వెట్టర్ మీద దుప్పటి కప్పుకున్నా వణికాం. బూట్లు టెంటు లోపల పెట్టి, పొద్దున దులిపి తొడుక్కోండి, తేళ్ళుంటాయి. మా మరదలు అడిగిన, ఏ మగవాడూ ప్లాన్‌లో రాయని ప్రశ్న బాత్రూమ్ సంగతి: నిలువుగా తెరుచుకునే చిన్న టెంట్, చిన్న పార, వాడిన కాగితాలకు జిప్ కవర్లు. మేం కొన్నవాటిలో అతి చవకైనదీ, అందరూ దండం పెట్టినదీ ఆ టెంటే.

మంట కోసం తమ్ముడు ఎండు కొమ్మ విరవబోతే కుర్రవాడు చెయ్యి పట్టుకున్నాడు. అది ఖేజ్డీ, అంటే మన జమ్మి. దసరా నాడు ఆకు పంచుకునే చెట్టే. మన రాష్ట్ర వృక్షమూ అదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 1730లో రాజు మనుషులు ఆ చెట్లు కొట్టడానికొస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. వంట గ్యాస్ మీదే చేసుకున్నాం. మర్నాడు కాకాసా ఇంట్లో ఆ జమ్మికాయలతోనే వండిన కేర్-సాంగ్రీ కూర తిన్నాం. మా మరదలు రెసిపీ రాసుకుంది గానీ, ఇక్కడ జమ్మికాయలు కోయడానికి మా అమ్మ ఒప్పుకునేలా లేదు.

థార్ దిగబడింది ఆ పూటే. తమ్ముడు రేస్ ఇవ్వబోతే కుర్రవాడు తాళంచెవి తీసేశాడు. చక్రాలు ఒక్క చుట్టు ఎక్కువ తిరిగినా బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. నాలుగు చక్రాల ముందూ పారతో వాలు తవ్వి, గాలి ఇంకో రెండు పాయింట్లు తీసి, వెనక చక్రాల కింద బోర్డులు పెట్టి, ఫోర్ లో రెండో గేరులో నెమ్మదిగా వదిలితే వచ్చేసింది. పికప్‌తో లాగే అవసరమే రాలేదు.

లోంగేవాలా, తనోత్ ఒకే రోజు చూడొచ్చు. రోడ్డు బాగుంది, డీజిల్ జైసల్మేర్‌లోనే నింపుకోండి. 1971 డిసెంబర్ యుద్ధం జరిగిన చోటు లోంగేవాలా. తనోత్ మాత గుడిని బీఎస్ఎఫ్ జవాన్లే చూసుకుంటారు. ఆ పైన సరిహద్దు వైపు వెళ్ళాలంటే వాళ్ళ అనుమతి కావాలి. ఆధార్ దగ్గర పెట్టుకోండి. శాటిలైట్ ఫోన్లు, అలాంటి మెసేజ్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకుంటేనే కేసు. డ్రోన్ కూడా ఇంట్లోనే వదిలేయండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, సాయంత్రం ఇన్నింటికల్లా రాకపోతే వెతకమని కాకాసాకి చెప్పి వెళ్ళేవాళ్ళం. మాకు అదే ఎమర్జెన్సీ సర్వీసు.

మైలేజీ హైవే మీద 12 దాకా ఇచ్చిన పికప్ ఇసుకలో సగానికి పడిపోయింది. తిరిగొచ్చాక ఆటోనగర్ మేస్త్రీ ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి కొడితే గుప్పెడు ఇసుక రాలింది. బండి అడుగు కడిగించి, వీల్ బోల్టులు బిగించి, కొత్త ఫిల్టర్ వేయించాం. మా ఆయన ఇప్పుడు రూఫ్ టెంట్ కొందామంటున్నారు. ఆ డబ్బుతో తమ్ముడికి సొంత కంప్రెసర్, ఇంకో రెండు బోర్డులు వస్తాయని నా లెక్క, ఇంకా తేలలేదు.