క్రిస్మస్ క్విజ్ కార్డుల పెట్టె: తిండి ప్రశ్నలు భేష్, పుకార్ల కార్డులు దిద్దుకోవాలి

క్విజ్ ప్రశ్న మంచిదో కాదో తేల్చడం తేలిక. జవాబు చదవగానే గదిలో వాదన ఆగిపోవాలి. ఈ పెట్టెలోని 160 కార్డుల్ని ఆ లెక్కన తూస్తే తిండి విభాగం దర్జాగా నెగ్గింది, పానీయాలు ఎలాగో గట్టెక్కాయి, సినిమాలు నీరసించాయి. సంప్రదాయాల విభాగమైతే పుకార్లకు ముద్ర కొట్టి నిజాలుగా వదిలేసింది.

ముందు తిండి కార్డులు. "ప్లమ్ పుడ్డింగ్‌లో పడే ప్లమ్ పండ్లు ఎన్ని?" అన్నది చక్కటి బోల్తా ప్రశ్న. ఒక్కటీ పడదు. పాత ఇంగ్లిష్‌లో ఎండుద్రాక్షను కూడా ప్లమ్ అనేవారు, ఆ పేరే మిగిలిపోయింది. దానికన్నా మంచిది పానెటోన్ కార్డు: "ఈ మిలాన్ రొట్టెను ఓవెన్‌లోంచి తీయగానే తలకిందులుగా ఎందుకు వేలాడదీస్తారు?" వెన్న, గుడ్డు సొనలు దండిగా పడిన మెత్తటి రొట్టె కాబట్టి, వేడి మీద నిలబెడితే తన బరువుకు తనే కుంగిపోతుంది. చల్లారి గట్టిపడేదాకా వేలాడితే ఎత్తు నిలుస్తుంది. పానెటోన్ పేరే విననివాళ్లు కూడా కాస్త ఆలోచిస్తే ఈ జవాబు పట్టుకోగలరు. జ్ఞాపకశక్తితో పాటు బుర్రకూ పని పెట్టే ఇలాంటి కార్డులు ఈ విభాగంలో పదిహేను దాకా ఉన్నాయి. జపాన్‌లో క్రిస్మస్‌కు కెంటకీ ఫ్రైడ్ చికెన్ తినే అలవాటు 1974 నాటి ప్రచారంతో దేశమంతా పాకిందన్న కార్డూ సరైనదే. ఒక్కచోట మాత్రం పెన్ను పట్టాలి. "ఏడు చేపల విందు ఏ దేశపు ఆచారం?" అని అడిగి ఇటలీ అన్నారు. క్రిస్మస్ ముందురోజు మాంసం మానేసి చేపలు తినడం ఇటలీదే కానీ, ఏడు అనే లెక్కతో ఆ పేరు స్థిరపడింది అమెరికాలోని ఇటాలియన్ కుటుంబాల్లో.

పానీయాల్లో ప్రశ్నలకన్నా కార్డుల వెనక అచ్చేసిన వంటలతోనే చిక్కు. పాలు, గుడ్లతో చేసే ఎగ్‌నాగ్ అనే పానీయంలో పచ్చి గుడ్లు అలాగే గిలకొట్టమన్నారు, అది ప్రమాదం. నాలుగు సొనల్ని 75 గ్రాముల చక్కెరతో రంగు పాలిపోయేదాకా గిలకొట్టాలి. అర లీటరు పాలు, పావు లీటరు క్రీము కలిపి పొంగుకు ముందే దించి, గరిటెడు గరిటెడుగా సొనల్లో పోస్తూ గిలకొడుతూనే ఉండాలి. ఒక్కసారి గుమ్మరిస్తే గుడ్డు ఉడికి ఉండలు కడుతుంది. తర్వాత సన్నసెగ మీద 71 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, వడగట్టి, చల్లార్చి, పైన జాజికాయ పొడి చల్లుకోవాలి. థర్మామీటరు లేకుండా దిగొద్దు. మసాలా వైన్‌ను పది నిమిషాలు మరిగించమన్న కార్డు కూడా తప్పే. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. కళపెళా ఉడికిస్తే అది ఆవిరై పోతుంది, లవంగం చేదు మాత్రం గిన్నెలో మిగులుతుంది.

సినిమా కార్డుల్లో సగం "ఏ సంవత్సరంలో విడుదలైంది?" రకం. తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు దిక్కులు చూస్తాడు, ఆట అక్కడితో సరి. అదే సమాచారాన్ని ఇలా తిప్పి అడగండి: "హాలిడే ఇన్, మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్, డై హార్డ్. వీటిలో ఎండాకాలంలో విడుదలైనవి ఏవి?" మూడూ! మొదటిది 1942 ఆగస్టులో, రెండోది 1947 వేసవి మొదట్లో, మూడోది 1988 జులైలో వచ్చాయి. "వైట్ క్రిస్మస్" పాట మొదట వినిపించిన సినిమా ఏది అన్న కార్డు మాత్రం ఉంచుకోండి. అందరూ అదే పేరున్న 1954 సినిమా అంటారు, జవాబు హాలిడే ఇన్. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ మంచు కార్డూ అలాంటిదే. అంతకుముందు సినిమాల్లో తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారు. కాలికింద కరకరమని మాటలు వినబడేవి కావు. అందుకే ఈ సినిమాకు మంటలార్పే నురగ, సబ్బు కలిపి కొత్త మంచు తయారుచేశారు.

ఇక సంప్రదాయాలు. శాంటాకు ఎర్ర బట్టలు కోకా-కోలా తొడిగిందని ఒక కార్డు. ఆ కంపెనీకి హాడన్ సండ్‌బ్లమ్ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో. ఎర్ర బట్టల శాంటా బొమ్మలు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో క్రిస్మస్‌ను క్రామ్‌వెల్ నిషేధించాడని ఇంకొకటి. నిషేధించింది 1647లో పార్లమెంటు, అతను పాలకుడైంది 1653లో. ఈ రెంటినీ పడేయక్కర్లేదు, "నిజమా, పుకారా?" అని మార్చి అడిగితే భలే పనికొస్తాయి. హెన్రీ కోల్ 1843లో వేయించిన తొలి క్రిస్మస్ కార్డు, ఓస్లో నగరం 1947 నుంచీ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌కు పంపుతున్న చెట్టు, ఈ ప్రశ్నలు నిక్కచ్చిగా ఉన్నాయి.

తయారీ చౌకబారు. అట్ట పలచన. వెనక దీపం ఉంటే ఎదుటి జట్టుకు జవాబు కనబడిపోతుంది, కాబట్టి కార్డును మందపాటి పుస్తకానికి ఆనించి చదవాలి. తిండికి ఎరుపు, పానీయాలకు ఆకుపచ్చ పెట్టారు. ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు చాలామందే ఉంటారన్న ధ్యాసే లేదు. తిండి కార్డుల మూలన ఒక చుక్క పెట్టుకుంటే సరిపోతుంది. 30 సెకన్ల ఇసుక గడియారం అవును-కాదు ప్రశ్నలకు మరీ ఎక్కువ, "ఐదు పేర్లు చెప్పండి" ప్రశ్నలకు చాలదు. అక్కడ రెండుసార్లు తిప్పండి.

జట్లు సమానమైతే ఏం చేయాలో నియమాల్లో రాయలేదు. అంకె అడిగి, ఎవరిది దగ్గరైతే వాళ్లను గెలిపించడం మేలు. అందుకు తగిన కార్డు పెట్టెలోనే ఉంది: "ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్ పాటలో మొత్తం ఎన్ని కానుకలు?" పాటలో మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, ఇలా పన్నెండో రోజు దాకా కొత్త కానుకలు వస్తాయి. లెక్క తెలుసనుకునేవాళ్లు ఒకటి నుంచి పన్నెండు దాకా కూడి 78 అంటారు. అది చివరి రోజు లెక్క మాత్రమే. పాత కానుకలు రోజూ మళ్లీ వస్తాయి కాబట్టి పన్నెండు రోజులకు 364.